ఎవరి ఖర్చులు వారివే

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడని, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని సామెత. అది పుట్టిన రోజుల్లో కౌంటర్ క్లెయిమ్ లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటు దొరికింది 1976 సవరణతోనే. ఇప్పుడెవరు ఎక్కడ ఏడవాలో తేల్చడం కష్టం.

ముంచింగిపుట్టు రైతు ఒకాయన విశాఖ వ్యాపారికి 80,000 రూపాయల మిరియాలు అరువిచ్చాడనుకుందాం. అడిగి అడిగి విసిగి దావా వేశాడు. కొండమీది తగాదాలకైతే 1924 నాటి ఏజెన్సీ రూల్స్, రెవెన్యూ అధికారులు ఉన్నారు. వ్యాపారి కాపురం విశాఖలో గనక దావా కూడా కొండ దిగింది.

వ్యాపారి జవాబు దావాలోనే ఎదురు లెక్క, అదే కౌంటర్ క్లెయిమ్, పెట్టాడు: "తడి సరుకు అంటగట్టాడు, నాకే 60,000 నష్టం." దావాకు కట్టినట్టే దీనికీ కోర్టు ఫీజు కట్టాలి. కట్టాక దీని ఆయుష్షు దీనిదే. రైతు దావా కొట్టేసినా ఇది నడుస్తుంది.

కొన్నేళ్లకు తీర్పొచ్చింది. రైతుకు 80,000 రావాలి, వ్యాపారికి 30,000 రావాలి, తేడా 50,000కి డిక్రీ. మరి ఖర్చులు? ఓడినవాడే గెలిచినవాడికి ఇచ్చుకోవాలని 35వ సెక్షన్ సూత్రం. ఇప్పించకపోతే కారణం రాయాలి. ఇక్కడ ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ ఓడారు. "కేసు పరిస్థితుల దృష్ట్యా ఎవరి ఖర్చులు వారే భరించవలెను." కారణం రాయమన్నారు, రాశారు. పరిస్థితులే కారణం!

ప్రయాణం, బస, పోగొట్టుకున్న సమయం కూడా ఖర్చుల్లో చేర్చాలని సేలం న్యాయవాదుల సంఘం కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. మన రైతు బస్సు టికెట్లు, కాఫీ పండ్లు కోసే రోజుల్లో మానుకున్న పని ఆ మాట విన్నట్టు లేవు.

సరే, వ్యాపారి చెప్పిందంతా పచ్చి అబద్ధమని తేలిందే అనుకోండి. 35-ఏ సెక్షన్ ఉంది. తెలిసి తెలిసి తప్పుడు వాదన చేసినవాడి చేత పరిహారం కట్టిస్తుంది. ఎంత? మహా అయితే 3,000. ఆ రేటు కూడా 1976 నాటిదే. మిరియాల ధర పెరిగింది, కాఫీ ధర పెరిగింది, అబద్ధం ధర మాత్రం ప్రభుత్వం స్థిరంగా నిలబెట్టింది. నిత్యావసరం కాబోలు.

పెద్దవాళ్ల తగాదాలకు ఈ రాయితీ లేదు. 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం ప్రకారం, పసలేని కౌంటర్ క్లెయిమ్‌తో కేసు సాగదీశారా అన్నది ఖర్చులు వేసేటప్పుడు జడ్జిగారు చూడాలి. 3,000 పరిమితీ అక్కడ వర్తించదు. కాకపోతే ఆ గడప తొక్కాలంటే తగాదా విలువ కనీసం 3 లక్షలుండాలి.

కాబట్టి రైతు సోదరుడికి నా సలహా ఒకటే. ఈసారి మోసపోదలిస్తే 3 లక్షలకు తగ్గకుండా అరువియ్యి.