డిస్కౌంటు దాతా, సుఖీభవ!

కృష్ణా తీరాన శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి శతకం పొడుగునా సీస పద్యాల్లో దెప్పిపొడిచాడు. చదివినవాళ్లంతా అది స్తోత్రమేనని చేతులు జోడించారు. అంత విద్య నాకు లేదు. కాబట్టి, ఎలక్ట్రిక్ కార్ల షోరూము యజమానీ, తమరిని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా పొగడడమే పనిగా పెట్టుకున్నాను. ఎక్కడైనా అర్థం తిరగబడితే ఆ తప్పు తమరిచ్చిన కొటేషనుది.

మన పురాణాల్లో దాతలకు కొదవ లేదు. కర్ణుడు ఒంటిమీది కవచం ఒలిచి ఇచ్చాడు. శిబి తొడ కోసి ఇచ్చాడు. బలి నెత్తి చూపించాడు. పాపం, ఎంత పేరు తెచ్చుకున్నా వాళ్లంతా సొంత ఆస్తి కరగదీసుకున్న అమాయకులే. తమరి దానానికి అలాంటి నష్టభయం లేదు.

కొటేషన్ కాయితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో తమరి కుర్రాడు రాసిన మొదటి వరం, ‘రోడ్ ట్యాక్స్ ఫుల్ మాఫీ’. పద్నాలుగు లక్షల పెట్రోలు కారు కొంటే తెలంగాణలో జీవితకాల పన్నుకే రెండు లక్షలకు పైగా పోతుందని, “అదంతా మా ఆఫర్‌లో మీకు మిగిలినట్టే సార్” అని చెప్పాడు. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రాష్ట్రంలో రిజిస్టరయ్యే విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ ఫీజూ ఎత్తేస్తూ ప్రభుత్వం జీవో 41 ఇచ్చింది. ఏ కంపెనీ బండైనా, ఏ షోరూములో కొన్నా అది వర్తిస్తుంది. రెండో వరం, ‘జీఎస్టీ అయిదు శాతమే’. అది 2019 ఆగస్టు 1 నుంచి దేశమంతటా ఉన్నదే. ఖజానాకు రావలసిన సొమ్ము జనానిది, వదులుకున్నది ప్రభుత్వం, పుణ్యం తమరి ఖాతాలో. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని లోకులు ఆడిపోసుకుంటారు గాని, ఆ అల్లుడికి అత్తతో చుట్టరికమైనా ఉంది. ఏ చుట్టరికమూ లేకుండా దానం చేయగలగడం తమరికే చెల్లింది.

మూడో వరం ఇంకా గొప్పది. కారు లోను మీద కట్టే వడ్డీలో లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపట. ఆ 80ఈఈబీ సెక్షను 2019 ఏప్రిల్ 1కీ 2023 మార్చి 31కీ మధ్య మంజూరైన అప్పులకే వర్తిస్తుంది. సావిత్రి ఒక్క ప్రాణం వెనక్కి తేవడానికి యముడి వెంట అంత దూరం నడిచింది. తమరి కుర్రాడు కుర్చీలోంచి లేవకుండానే గడువు తీరిన సెక్షన్‌కు ఊపిరి పోశాడు.

ఇక తమరు నిజంగా తమ చేతులతో ఇచ్చిన దాని సంగతి. ఎక్స్‌షోరూమ్ ధరలో యాభై వేలు తగ్గించారు. కృతజ్ఞుణ్ణి. బయటి ప్రపంచంలో ఆ యాభై వేలు దిక్కులేనివి అయిపోతాయని దిగులుపడి, వాటిని తిరిగి ఇంటికి చేర్చుకోవడానికి తమరు పడిన శ్రమకు మరింత కృతజ్ఞుణ్ణి. ప్రభుత్వ ఫీజుల పట్టికలో ఎక్కడా కనపడని ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ వేసి, బండి గోడౌను నుంచి షోరూముకు నడిచి వచ్చిన శ్రమకు విలువ కట్టారు. సీటు కవర్లు, మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, డోర్ వైజర్లు, టెఫ్లాన్ కోటింగు అన్నీ కలిపి ఒక కిట్టుగా కట్టారు. “ఈ కిట్టు లేకుండా బండి ఇవ్వరా?” అని అడిగాను. “ఎందుకివ్వం సార్! కాకపోతే డెలివరీకి రెండు నెలలు పడుతుంది” అన్నాడు కుర్రాడు. మ్యాట్లు ఉన్న బండి ఇంత త్వరగా తయారవుతుందని నాకిప్పుడే తెలిసింది.

బీమా దగ్గర తమరి వాత్సల్యం పరాకాష్ఠకు చేరింది. పాలసీ ఎవరి దగ్గర తీసుకోవాలన్నది కొనేవాడి ఇష్టమని బీమా నియంత్రణ సంస్థ నిబంధన. ఆ స్వేచ్ఛను తమరు మనసారా గౌరవిస్తారు. బయట తీసుకుంటే యాభై వేల డిస్కౌంటు రాదని మాత్రం మెత్తగా గుర్తుచేస్తారు, అంతే. తమరి దగ్గర తీసుకుంటే ప్రీమియం కొంచెం బరువుగా ఉంటుంది. అందులో డీలరుకు దక్కే కమీషను గురించి తమరు ఎన్నడూ చెప్పుకోరు. ఆత్మస్తుతి తమరికి గిట్టదు కదా.

పాత కారు తీసుకుని కొత్త కారు ఇచ్చేటప్పుడు తమరు చూపే ఆదరణ గురించి విడిగా ఒక దండకమే రాయాలి. బయట నాలుగు లక్షలు పలికే బండి చుట్టూ తమరి మనిషి రెండు ప్రదక్షిణాలు చేసి, బానెట్ తట్టి, నిట్టూర్చి, మూడు లక్షల ఇరవై వేలు కడతాడు. మా మొహం వాడగానే దయ తలచి ‘ఎక్స్‌ఛేంజ్ బోనస్’ యాభై వేలు కలుపుతాడు. ముప్ఫై వేలు పోగొట్టుకున్నవాడు యాభై వేలు గెలిచిన మొహంతో బయటికి నడుస్తాడు. ఇంతమందిని ఇంత ఆనందంగా నష్టపెట్టగల వైద్యం ఏ శాస్త్రంలో ఉంది?

అయినా తమరి వర్గం మేధకు శిఖరం వేరే ఉంది. కారులో అన్నిటికంటే ఖరీదైనది బ్యాటరీ. దాన్ని తీసేసి కారుకు ధర చెప్పడం అనే ఆలోచన వచ్చిన తలకు పాదాభివందనం. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ వచ్చినప్పుడు 9.99 లక్షలు అన్నారు. బ్యాటరీ అద్దె కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. కొద్ది రోజుల్లోనే బ్యాటరీతో కలిపి కొనుక్కునే ధర కూడా చెప్పారు, 13.50 లక్షల నుంచి. రెంటికీ తేడా దాదాపు మూడున్నర లక్షలు. మూడున్నర రూపాయల చొప్పున లక్ష కిలోమీటర్లు తిరిగితే కట్టే అద్దె కూడా సరిగ్గా మూడున్నర లక్షలే. వడ్డీ సంగతి పక్కన పెడితే, లక్ష దాటాక మొదటి పద్ధతిలో కొన్నవాడు అద్దె కడుతూనే ఉంటాడు, రెండో పద్ధతిలో కొన్నవాడు సొంత బ్యాటరీ మీద తిరుగుతుంటాడు. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి అద్దె 5,250 రూపాయలు. కరెంటు ఖర్చు దీనికి అదనం. ఈ లెక్కను ఎవరూ దాచలేదు, అన్ని అంకెలూ చెప్పారు. పది లక్షల లోపు అంకెను గోడంత ఫ్లెక్సీలో, మూడున్నర రూపాయల అంకెను చీమ కాలంత అక్షరాల్లో చెప్పారు. చీమకైనా దేవుడికైనా సమాన గౌరవం ఇచ్చే దేశం మనది.

కార్లు ఎంత దూరం వెళ్తాయో చెప్పడంలో మీ ఔదార్యం మరీ ముచ్చటైనది. భారతీయ డ్రైవింగ్ సైకిల్ పేరిట జరిగే పరీక్షలో బండి ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, ఎంత వేగంగా వెళ్లినా గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా తిరుగుతుంది. ఎండా, ఎదురుగాలీ, ఏసీ పెంచమని అడిగే మామగారూ లేని ఆ స్వర్గంలో వచ్చిన సంఖ్యనే తమరు మా చేతికిస్తారు. టాటా కర్వ్ ఈవీ 2024 ఆగస్టులో విడుదలైనప్పుడు పెద్ద బ్యాటరీకి 585 కిలోమీటర్లు అన్నారు. రోడ్డు మీద ఆశించదగ్గది 400 నుంచి 425 అని ఆ కంపెనీయే పక్కన చెప్పింది. అలా పక్కన చెప్పడం చాదస్తమని తమరు గ్రహించి, షోరూములో పెద్ద సంఖ్యనే పలికించారు.

“హైదరాబాదు నుంచి బెజవాడ 275 సార్, పోను రాను 550. ఒక్కసారి చార్జింగ్ పెడితే చాలు, ఇంకా మిగులుతుంది” అన్నాడు కుర్రాడు. లెక్కలో తప్పు లేదు. కంపెనీ చెప్పిన రెండో సంఖ్యతో వెళ్తే తిరుగు ప్రయాణంలో సరిగ్గా సూర్యాపేట దగ్గర బండి అలసిపోతుంది. కుటుంబమంతా దిగి టిఫిను చేసే అవకాశం కూడా తమరు కొటేషనులో కలిపేశారని అప్పుడు తెలుస్తుంది. అక్కడ బయటి చార్జరు దగ్గర కరెంటు మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. అయిదు శాతం మాట తమరిది, పద్దెనిమిది శాతం మాట సూర్యాపేటది.

వారంటీ విషయంలో తమరు వేదాంతులు. ‘బ్యాటరీకి లైఫ్‌టైమ్ వారంటీ’ అని రాసి ఉంటుంది. ఎవరి జీవితకాలం అని అడిగేవాడు మూర్ఖుడు. కొన్ని కంపెనీల లెక్కలో జీవితకాలం అంటే రిజిస్ట్రేషన్ నుంచి పదిహేనేళ్లు, అదీ మొదటి యజమానికే. బండి చేతులు మారిందో, జీవితం కురచైపోతుంది. శరీరం అశాశ్వతమని గురువులు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని సత్యం షరతుల కాయితం ఒక్కసారి చదివితే ఎక్కుతుంది. ఇంటి చార్జరు ‘ఉచితం’ అన్నప్పుడూ అంతే. చార్జరు ఉచితం, మొదటి కొన్ని మీటర్ల తీగ ఉచితం. మాది నాలుగో అంతస్తు, పార్కింగు సెల్లారులో అని చెప్పాక ఉచితానికి కూడా ఒక పొడవు ఉంటుందని బోధపడింది.

కాలజ్ఞానం సంగతి చూద్దాం. ఆషాఢంలో వెళ్తే ఆషాఢం ఆఫరు, “శ్రావణంలో ఉండదు సార్”. శ్రావణంలో వెళ్తే శ్రావణం ఆఫరు, “దసరాకి ఉండదు సార్”. ప్రతి నెలా ఆఖరి తేదీతో ఆఫరు మరణిస్తుంది, ఒకటో తేదీ పొద్దున్నే కొత్త పోస్టరు కట్టుకుని పునర్జన్మ ఎత్తుతుంది. జనవరిలో “ప్రత్యేక తగ్గింపు” అని ఇచ్చిన బండి చాసిస్ నంబరులో కిందటి సంవత్సరం నిద్రపోతూ ఉంటుంది. కొనేటప్పుడు కొత్తదే. రేపు అమ్మేటప్పుడు ఆర్సీలో తయారీ నెల చూసి ఏడాది పాతదని బేరగాడు చెబుతాడు. వయసు దాచుకోవడం తప్పని తమరికి తెలుసు, కనుకనే ఆ భారం బేరగాడికి అప్పజెప్పారు.

“ఇంతకంటే తగ్గదు సార్, రాసిస్తాను” అన్న మాట కూడా సత్యవాక్కే. ఆ క్షణానికి సత్యం. 2024 ఫిబ్రవరిలో బ్యాటరీ సెల్లుల ధర తగ్గిందంటూ టాటా వారు నెక్సన్ ఈవీ మీద లక్షా ఇరవై వేల దాకా, టియాగో ఈవీ మీద డెబ్భై వేల దాకా కోశారు. ఆ సెప్టెంబరులో పండగ పేరు చెప్పి నెక్సన్ ఈవీ మీద మూడు లక్షల దాకా తగ్గించారు. జనవరిలో ‘లాస్ట్ ప్రైస్’ సాధించుకుని, పెద్దమ్మ గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా స్వీట్లు పంచినవాళ్లకు వైరాగ్యం అంత సులువుగా ఇంకెక్కడ దొరుకుతుంది?

బేరం ముదిరినప్పుడు కుర్రాడు “మేనేజరు గారిని అడిగి వస్తా” అని గాజు గదిలోకి వెళ్లడం నేను చూశాను. లోపల ఇద్దరూ టీ తాగుతున్నారు. ఆ టీ అయ్యాక కుర్రాడు చెమట తుడుచుకుంటూ వచ్చి, “నా ఇన్సెంటివ్ పోయినా సరే సార్, మీ కోసం ఇంకో అయిదు వేలు” అన్నాడు. ఏసీ గదిలో చెమట పట్టించుకోగల నటుడు నంది బహుమతి లేకుండా ఉండిపోయాడంటే ప్రభుత్వాలకు కళలంటే ఎంత నిర్లక్ష్యమో అర్థమవుతుంది.

తమరి సహనాన్ని తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. ఆ కారు నిజంగానే లాభసాటిది. ఇంట్లో యూనిట్టు తొమ్మిది రూపాయలనుకుని, యూనిట్టుకు ఆరు కిలోమీటర్లు వస్తాయనుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర. నూరు దాటిన పెట్రోలు పోసి, లీటరుకు పదిహేను కిలోమీటర్లు వచ్చే బండి నడిపేవాడికి ఏడు రూపాయల దాకా పడుతుంది. ఆ ఒక్క ముక్క నిజాయితీగా చెబితే కారు దానంతట అదే అమ్ముడుపోతుంది. అంత సులువైన దారి కళ్లెదుట ఉండగా, జీవో 41ని జేబులో వేసుకుని, చచ్చిన సెక్షన్లను లేపి, బ్యాటరీ విప్పేసి, సంఖ్యలు పెంచి, నానా కష్టాలూ పడుతున్నారు. నిజానికి ఉన్న విలువ తగ్గిపోకుండా దాన్ని అంత పొదుపుగా వాడేవాళ్లు తమరే.

స్తోత్రం అన్నాక ఫలశ్రుతి ఉండాలి. దీన్ని నిష్ఠగా చదివినవారు ఎక్స్‌షోరూమ్ మీద వచ్చిన తగ్గింపునూ ప్రభుత్వం ఇచ్చిన రాయితీనీ రెండు వేర్వేరు గళ్లలో రాయించుకుంటారు. డబ్బు కట్టకముందే చాసిస్ నంబరు చూపించమంటారు. బీమా కొటేషను బయట మరొకటి తెచ్చి పక్కన పెడతారు. పాత కారును ముందు బయట బేరం పెట్టించి వస్తారు. అద్దె బ్యాటరీ అయితే తాము ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో కాయితం మీద గుణించుకుంటారు. చార్జరు తీగ ఎన్ని మీటర్లో కొలిపించుకుంటారు. ఇవన్నీ అడిగినవారికి తమరి కరుణాకటాక్షం ఆ క్షణమే దూరమవుతుంది. టీ రాదు, “సార్” కాస్తా “అంకుల్” అవుతుంది, కుర్రాడు పక్క టేబులు వైపు తిరుగుతాడు. అప్పుడు చెప్పే ధరే ఆ కారు ధర.