షుగర్ బార్డర్‌లో బేఫికర్‌గా

ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పరగడుపున 118. డాక్టరు కళ్లద్దాలు పైకి జరుపుకుని, "బార్డర్‌లో ఉంది, అన్నం తగ్గించండి" అన్నాడు. అందులో మీరు వినాల్సింది మొదటి ముక్క ఒక్కటే. 126 తాకితే కదా షుగర్! ఇంకా 8 పాయింట్లు చేతిలో ఉన్నాయి. దాచుకుని ఏం చేసుకుంటారు? లాల్‌దర్వాజా నుంచి మదీనా దాకా వాటిని హాయిగా ఖర్చుపెట్టుకునే పద్ధతి ఇదిగో. అనుభవం మీద చెబుతున్నాం, నమ్మండి.

1. ముందు సైన్సు. షుగర్ అంటే చక్కెర. చక్కెర తియ్యగా ఉంటుంది. అన్నం తియ్యగా ఉండదు, నాన్ తియ్యగా ఉండదు, లుక్మీ అసలే కారం. కాబట్టి వాటిలో షుగర్ లేదు. అన్నం ఎక్కువసేపు నమిలితే నోట్లోనే తీపి తగులుతుందనీ, పిండిపదార్థం లాలాజలానికే చక్కెరగా విడిపోవడం మొదలవుతుందనీ కొందరు వాదిస్తారు. మీరు వాదనకు దిగకండి. నమలడం మానేయండి. గబగబా మింగేస్తే ఏ తీపీ తగలదు.

2. ఇంట్లో చాయ్ మానేయండి. నలుగురూ వినేలా, గ్లాసు పక్కకు నెట్టి మరీ మానేయండి. తర్వాత చెప్పులేసుకుని "వాకింగ్‌కు పోతున్నా" అని బయల్దేరండి. అబద్ధం కాదు, ఇరానీ హోటల్ దాకా నడవాల్సిందే కదా. హోటల్ ఎంత దూరమైతే ఆరోగ్యం అంత మంచిది. చార్మినార్ కింద నిమ్రా కేఫ్ దాకా వెళ్లగలిగితే ఆ రోజు వ్యాయామం పూర్తయినట్టే. (మినార్ ఎక్కితే 149 మెట్లు. కింది నుంచి చూస్తే ఇంకా అందంగా ఉంటుంది.)

చాయ్ సాసర్‌లో పోసుకోండి. సాసర్‌లో తాగింది కప్పు కిందికి రాదు. ఉస్మానియా బిస్కట్లు రెండుకు మించొద్దని డాక్టరు చెప్పాడనుకోండి, రెండే తినండి. అయితే లెక్క తెలిసి ఉండాలి. బిస్కట్‌ను చాయ్‌లో ముంచి, ఒక్క క్షణం ఎక్కువ ఉంచండి. సగం మెత్తబడి, విరిగి, కప్పు అడుక్కు జారిపోతుంది. అది మీరు తిన్న బిస్కట్ కాదు, తాగిన బిస్కట్. ఇట్లా అయిదు తాగవచ్చు. లేచే ముందు మీసం తుడుచుకోండి, జేబు మీద పొడి దులుపుకోండి. చాలామంది దొరికిపోయేది జేబు దగ్గరే. "ఏడికి వోయిండ్రు ఇంతసేపు?" అని ఇంట్లో అడిగితే, మోకాళ్లు పట్టుకుని కూర్చోండి. మంచినీళ్లు తెచ్చిస్తారు.

3. పొద్దున ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఖిచిడీలో పప్పు ఉంది, ఖీమాలో ప్రొటీన్ ఉంది, ఖట్టాలో చింతపండు ఉంది. మూడు మంచి వస్తువుల మధ్య బియ్యం ఇరుక్కుపోతే అది మీ తప్పు కాదు.

4. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ల చరిత్ర కొంచెం తెలుసుకుని పెట్టుకోండి, పనికొస్తుంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పుట్టి, 1958లో హైదరాబాద్ చేరింది. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యమే రోజూ తింటే బి1 విటమిన్ అందక వచ్చే జబ్బు అది. అంటే వాళ్లకు తెల్లన్నంతో వందేళ్ల పాత పగ! పగపట్టినవాళ్ల మాట ఎవరైనా వింటారా? 2024 మార్గదర్శకాల్లో, రోజు మొత్తం కెలోరీల్లో బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 45 శాతం దాటొద్దన్నారు. మిగతాది పప్పులు, కూరలు, పాలు, గింజలు, పండ్లతో నింపాలట. అది మూసీ అవతలి మాట. నయాపూల్ దాటి ఇంకా ఇటు రాలేదు.

5. చిరుధాన్యాలు మాత్రం తప్పక తినండి. జొన్నరొట్టె ఎంతో మంచిది. బిర్యానీకి ముందు రెండు తినండి. బిర్యానీ బదులు తినమని చెప్పేవాళ్లకు జొన్నరొట్టె రుచి తెలియదు, బిర్యానీ రుచి అంతకన్నా తెలియదు.

6. డాక్టరు ఈసారి "జీఐ తక్కువ ఉన్నవి తినండి" అంటాడు. తిన్న పదార్థం రక్తంలో చక్కెరను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే కొలత అది. మీరు తడుముకోకండి. హైదరాబాద్ హలీంకు 2010లోనే జీఐ వచ్చింది. అది భౌగోళిక గుర్తింపు, వేరే జీఐ అని ఆయన సణిగితే, "సర్కారు ఇచ్చిందా లేదా?" అని అడగండి. రంజాన్ నెలంతా ఈ సర్టిఫికెట్ చెల్లుతుంది. పక్కన నాన్ కావాలంటే, 1851లో పురానీ హవేలీలో మొదలైన మున్షీ నాన్ వాళ్ల చార్‌కోనీ నాన్ తెచ్చుకోండి. మూలలు నాలుగుంటాయి కాబట్టి, ఒక్కో మూల తింటే పావు నాన్ తిన్నట్టు. నాలుగుసార్లు పావు తినండి.

7. దావత్‌లో పద్ధతి. ముందు కూరగాయలు, తర్వాత మాంసం, చివర్లో అన్నం తింటే చక్కెర అంత ఎగరదని ఈ మధ్య చెబుతున్నారు. మంచి మాటే. కానీ ఫంక్షన్ హాల్లో భోజనం పెట్టేదే రాత్రి పదకొండుకు. ఆ ఆకలికి వరస గుర్తుంటుందా? బిర్యానీతో మొదలుపెట్టి, ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా ముగించి, నడవకుండా ఆటోలో ఇల్లు చేరి, అలాగే మంచమెక్కండి. తెల్లారి ఒక గ్లాసు కాకరకాయ రసం. చేదు తీపిని కొట్టేస్తుంది, చెల్లుకు చెల్లు. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలప్పుడు ఈ లెక్క కూడా అక్కర్లేదు. బోనం అన్నంలో బెల్లం ఉన్నా ప్రసాదానికి కెలోరీలుండవు.

8. ఇక పరీక్ష. మూడు రోజుల ముందు నుంచి పాలకూర, మజ్జిగ. నాలుగో రోజు పొద్దున రక్తం ఇవ్వండి. 105 వస్తుంది. కాగితం ఫొటో తీసి చుట్టాలందరికీ పంపండి. టిఫిన్ తర్వాత చేసే పరీక్షకు ఒక ఉడికించిన గుడ్డు తిని "ఇదే నా రోజువారీ టిఫిన్" అనండి.

ఒక్క హెచ్‌బీఏ1సీ దగ్గర జాగ్రత్త. అది చాడీలు చెప్పే పరీక్ష. ఎర్ర రక్తకణం 120 రోజుల దాకా బతుకుతుంది, ఆ రోజులన్నీ దానికి చక్కెర అంటుకుంటూనే ఉంటుంది. రెండు మూడు నెలల కిందటి డబుల్ కా మీఠా కూడా అందులో రాసి ఉంటుంది. 6.5 వస్తే దొరికినట్టే. కాబట్టి "అది అనవసరం ఖర్చు డాక్టర్ సాబ్" అనండి. డబ్బు మిగిల్చేవాణ్ని ఎవరూ తిట్టరు.

9. గోలీ రాసిస్తే సంతోషించండి. అది మందు కాదు, పర్మిట్. పొద్దున గోలీ వేసుకున్నవాడు సాయంత్రం జిలేబీకి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

10. ఈ పద్ధతి కొన్నేళ్లు వదలకుండా పాటిస్తే ఫలితాలు వాటంతటవే వస్తాయి. ముందు రాత్రుళ్లు నాలుగుసార్లు లేస్తారు, ఇంటికి కాపలా. తర్వాత అరికాళ్లలో చీమలు పాకుతాయి, ఆపైన దూది పరిచినట్టు మెత్తగా ఉంటుంది. ఇది పై మెట్టు, అందరికీ అందదు. ఒక సాయంత్రం హోటల్ నుంచి లాడ్‌బజార్ మీదుగా ఇంటికొచ్చి గడపలో చూసుకుంటే ఒక కాలికే చెప్పుంటుంది. రెండోది ఎక్కడ జారిందో తెలియదు. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంటుంది, అదీ తెలియదు, ఇసుమంత నొప్పి ఉండదు. చెప్పు కోసం వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. హోటల్లో టేబుల్ కిందే దొరుకుతుంది. ఎట్లాగూ అంత దూరం నడిచారు, కూర్చుని ఒక చాయ్ చెప్పండి.