“సముద్రమొస్తే లేపుండ్రి” – సటీక తాత్పర్యము

మూలము: “కిడ్కీ సీటు నాది. జర ఒరుగుత. సముద్రమొస్తే లేపుండ్రి.”

అవతారిక: ఝరాసంగములో కేతకీ సంగమేశ్వరునికి మ్రొక్కి, జొన్నరొట్టెలును ఎల్లిపాయ కారమును మూటగట్టి, జహీరాబాదు స్టేషనులో షిరిడీ–కాకినాడ పోర్టు ఎక్స్‌ప్రెస్సు ఎక్కిన యొక మేనత్త, బండి కదలగానే పలికిన వాక్యమిది. లోకమంతట శివపూజకు పనికిరాదన్న మొగలిపువ్వును ఈ స్వామి స్వీకరించును. ఆ యూరివారికి కానిదానిని కోరుట క్రొత్త కాదు.

టీక: కిడ్కీ సీటు = కిటికీ ప్రక్క సీటు; నాది = టికెట్టుపై ఎవరి నంబరున్నను నాదే; జర = కొంచెము, అనగా వికారాబాదు మొదలు రాజమండ్రి దాక; ఒరుగుత = ఎదుటివాని సీటుపై కాళ్లు చాపెదను; సముద్రము = బంగాళాఖాతము; లేపుండ్రి = బహువచనము, మర్యాదకు కాదు, బోగీ యంతటికిని ఆజ్ఞ.

తాత్పర్యము: అత్త నిద్రించును, మేనల్లుడు మేలుకొనును.

శంక: ఈ దారిలో సముద్రము వచ్చునా? సమాధానము: రాదు. విజయవాడ నుండి కటకము దాక 1893–96 నడుమ ఈ పట్టాలు వేసినవారు తమ రైల్వేకు ‘ఈస్ట్ కోస్ట్’ అని పేరు పెట్టిరి. పేరు విని కిటికీకి అతుక్కొన్నవారికి వరిచేలును, కొబ్బరిచెట్లును, మరల వరిచేలును. ఇది ఇంజనీర్ల దోషము కాదు. ధవళేశ్వరము దాటినంతనే గోదావరి పాయలుగా చీలును. తీరము వెంబడి పోయినచో పాయకొక వంతెన కట్టవలెను. అందుచేత నది చీలక మునుపే, రాజమండ్రి వద్ద, ఒక్కమారు దాటిరి. 1900లో తెరచిన హేవ్‌లాక్ వంతెన 1997 దాక బండ్లను మోసి విశ్రమించినది. నేడు 1974 నాటి రోడ్డు-రైలు వంతెనపైననో, దాని తరువాతి కమాను వంతెనపైననో పోవుదురు.

వంతెన చప్పుడుకు అత్త లేచి, కొంగుముడి విప్పి, “వచ్చిందా?” అనెను. మేనల్లుడు “గోదారి అత్తా” అనునంతలో రూపాయి నీట పడినది. దీనిపై వ్యాఖ్యాతలలో కలహము. సముద్రుని కుద్దేశించిన రూపాయి నదికి చెందునా అని కొందరు. నది దానిని ఎట్లును సముద్రమునకే చేర్చునని మరికొందరు. మాకు రెండవ పక్షమే సమ్మతము. అత్తగారి సీమలోని మంజీర, సింగూరు వద్ద హైదరాబాదు నల్లాలకు పంచగా మిగిలిన నీటితో, గోదావరిలో కలిసి, టికెట్టు లేకుండ ఇదే వంతెన క్రింద పోవుచున్నది గదా. (ఏసీ బోగీవారికి ఈ పుణ్యము లేదు. వారి అద్దము తెరచుకొనదు.)

పాఠాంతరములు: ఒడిశా దాక పోయి చిలికా చూపవలసినదని కొందరందురు. రంభా, బాలుగావ్‌ల నడుమ బండి నీటి యొడ్డునే పోవుట నిజమే కాని, అది ఉప్పునీటి సరస్సు. సముద్రమని చూపిన మేనల్లునికి అసత్యదోషము తగులును. కొంకణ పాఠము మిక్కిలి ప్రసిద్ధము. 1998 జనవరి 26న జాతికంకితమైన ఆ మార్గములో కొండలును, లోయలును, వానకాలపు జలపాతములును మనోహరములు. సొరంగములు మాత్రము 91. సముద్రము కొండ వెనుక, అత్త చీకటిలో. లేపిన పాపము మేనల్లునిది.

మూలమును అక్షరాల నిలబెట్టునది పాంబన్ ఒక్కటే. 1914 నాటి పాత వంతెన పోయి 2025లో క్రొత్తది వచ్చినను, రెండు కిటికీలకును నీరే. అక్కడ కిడ్కీ సీటుకై తగవు కూడ లేదు. ఈ యొక్క కారణముచేతనే అత్త ఆ పాఠమును నిరాకరించెను.

విశేషము: కాకినాడ పోర్టు స్టేషనుతో బండి ప్రయాణము ముగియును. అచ్చటికిని సముద్రము రాలేదు; ఆటో మాటాడుకొని మనమే పోవలెను. తిరుగు టికెట్టులో అత్తకు సైడ్ అప్పర్ వచ్చినది. ఆ ప్రతిలో “కిడ్కీ సీటు నాది” అను వాక్యము లేదనుకొందురేమో. ఉన్నది, మరింత గట్టిగా.