గ్రౌండ్ రిలే

మోటారు వైండింగు చేసేవాడికి కాలిన వార్నిష్ వాసన కొత్త కాదు. కొత్తపట్నంలో మా షాపుకు వచ్చేవి ఎక్కువగా రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లే. ఉప్పునీళ్లలో తిరిగి తిరిగి లోపల మాడి వస్తాయి. ఆటోలోంచి దించకముందే వాసనను బట్టి ఎంత కాలిందో చెప్పగలను. పోయిన వేసవిలో ఒక రాత్రి మా ఇంటి నడిమింట్లో వచ్చిన వాసన మాత్రం వేరు. వేలిగోరంత పచ్చటి ముక్క చిటుక్కుమని, సన్నటి పొగ వదిలి చల్లారిపోయింది. ముందుగదిలో మంచం మీదున్న పెదనాన్న "ఏమైందిరా?" అన్నాడు.

"ఏం లేదు పెదనాన్నా, పీసే బాగాలేదు" అన్నాను.

ఆ మాట అబద్ధమని అప్పటికి నాకే తెలీదు. తెలుసుకోవలసిన అవసరం లేదనుకున్నాను. నా తప్పు అక్కడ మొదలైంది.

పెదనాన్న రైలు డ్రైవరు. గుత్తి షెడ్డు డీజిల్ ఇంజన్ల మీద పనిచేశాడు. గుంటూరు - గుంతకల్లు లైను బ్రాడ్‌గేజి అయ్యాక చాలాకాలం ఆ దారిలోనే బండ్లు నడిపాడు. దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు, అక్కణ్ణించి దిగువమెట్ట దాటి నల్లమల ఘాటు. ఆ పేర్లు వరసగా చెప్తుంటే ఆయన గొంతు మారిపోతుంది. రిటైరై, పట్టా కనిపించాలంటే ఒంగోలు దాకా పోవాల్సిన మా ఊరికి వచ్చి స్థిరపడ్డాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కూడా ముద్దగా వస్తుంది. అప్పటినుంచి ఆయన కాలమంతా కిటికీ, కిటికీలోంచి సరుగుడు చెట్లు.

మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తూ రెండు పాత బొమ్మ ఇంజన్లు తెచ్చాడు. రెండూ ఆల్కో డీజిళ్లే, ఒక్కొక్కటి జానెడు. పెదనాన్న నడిపిన డబ్ల్యూడీఎమ్-2 కూడా ఆ ఆల్కో డిజైనే, 1964 నుంచి వారణాసిలో మన దగ్గరే కట్టారు. 2,600 హార్స్‌పవరు, ఆరు ట్రాక్షన్ మోటార్లు, ఎనిమిది నాచ్‌లు. బొమ్మను కుడిచేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. పట్టాను బల్లమీద పెట్టగానే "గేజి ఇరుకుగా ఉందే" అన్నాడు. నిజమే. ఆ బొమ్మలు అసలుకు 87వ వంతు. పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది అమెరికా గేజికి లెక్క. మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి లెక్క కడితే 19 దాటాలి. పక్షవాతం ఆయన కంటి లెక్కను ముట్టుకోలేదు.

ప్లైవుడ్ మీద గుండ్రంగా లైను వేసి, ఒకచోట లూపు తీశాను. పాత పద్ధతిలో పట్టాకు ఎంత కరెంటు ఇస్తే అంత వేగం. పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసి కదులుతాయి, కలిసి ఆగుతాయి. పెదనాన్నకు అది రైలులా అనిపించలేదు. ఆయనకు కావలసింది క్రాసింగు. సింగిల్ లైను మీద కంభంలో ఒక బండి లూపులో నిలబడాలి, ఎదురుబండి మెయిన్లో దాటిపోవాలి, అప్పుడు ఇది కదలాలి. ఆయన జీవితంలో సగం ఆ నిలబడటమే.

అందుకే డిజిటల్ కంట్రోలు పెడదామనుకున్నాను. అందులో పట్టాలో ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది, సుమారు 15 వోల్టులు. ఆ కరెంటు క్షణక్షణం దిశ మారుతూ మాట మోసుకుపోతుంది. సగం అల 58 మైక్రోసెకండ్లుంటే ఒకటి, 100 ఉంటే సున్నా. ప్రతి ఇంజను కడుపులో ఒక డీకోడరు కూచుని వింటుంది. స్టేషనులో మైకు చెప్పేది అందరికీ వినపడుతుంది గానీ, తన బండి పేరు వచ్చినవాడే సంచీ పట్టుకుని లేస్తాడు. డీకోడరూ అంతే, తన నంబరు వస్తేనే మోటారుకు కరెంటిస్తుంది. జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతిని 1990ల్లో అమెరికా మోడల్ రైళ్లవాళ్ల సంఘం ప్రమాణంగా తీసుకుంది కాబట్టి, ఏ కంపెనీ డీకోడరైనా ఏ కంట్రోలు పెట్టెతోనైనా పనిచేస్తుంది. ఖరీదైన పెట్టె కొనక్కర్లేకుండా, ఆర్డుయినో మెగా బోర్డు మీద మోటారు షీల్డు తగిలించి, డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కిస్తే కంట్రోలు తయారు. ఫోనే థ్రాటిలు. ఒక్క కుడి బొటనవేలితో నడపొచ్చు. నన్ను ఆశపెట్టింది ఆ బొటనవేలే.

డీకోడరు వైర్లకు రంగులున్నాయి. ఎరుపు, నలుపు పట్టాలకు. నారింజ, బూడిద రంగు మోటారుకు. టంకం వెయ్యకముందు ఒక పని చెయ్యాలని కాగితంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మోటారు బ్రష్షులు రెండూ పట్టాల నుంచి, ఇంజను బాడీ నుంచి పూర్తిగా విడిగా ఉన్నాయో లేదో మీటరు పెట్టి చూడాలి. పాత ఇంజన్లలో చాలాసార్లు ఒక బ్రష్షు బాడీకే తగిలి ఉంటుంది, ఆ బాడీ చక్రాల ద్వారా పట్టాకు తగిలి ఉంటుంది. పాత పద్ధతిలో దానివల్ల నష్టం లేదు. డీకోడరుకైతే అది చావే.

నేను చదివాను. చదివి వదిలేశాను. రోజూ మెగ్గర్ పెట్టి బాడీ ఎర్తు చూసేవాణ్ణి, రెండు హెచ్‌పీ మోటార్లు విప్పి చుట్టేవాణ్ణి, బొటనవేలంత మోటారుకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. బోర్డులో ప్రోగ్రామింగు పట్టాకు వేరే లైను ఉంది. అందులో కరెంటు తక్కువకే కట్టవుతుంది, వైరింగులో తప్పుంటే డీకోడరు కాలకుండానే బయటపడుతుంది. దాన్నీ వాడలేదు. నేరుగా మెయిన్లో పెట్టాను.

పొగ వచ్చాక పెదనాన్న ఇంకో మాట కూడా అన్నాడు. "గ్రౌండ్ రిలే పడిందేమో చూశావా?" అని. మాట ముద్దగా వచ్చినా నాకు స్పష్టంగానే అర్థమైంది. ఆయన ఇంజన్లలో పవర్ సర్క్యూటు ఎక్కడన్నా బాడీకి తగిలితే గ్రౌండ్ రిలే పడి ఇంజను ఐడిల్‌కు వచ్చేస్తుంది. రీసెట్ చేస్తారు, మళ్లీ పడితే కటౌట్ స్విచ్చితో మోటార్లను తప్పించి దోషం దేంట్లో ఉందో పట్టుకుంటారు. మంచంలోంచి లేవలేని మనిషి, పక్కగదిలో ఏం జరిగిందో చూడకుండానే చెప్పాడు.

"ఇది అట్లాంటిది కాదు పెదనాన్నా. ఇది డిజిటల్" అన్నాను.

ఆయన మళ్లీ మాట్లాడలేదు.

డీకోడర్లు అమ్మిన ఆయనకు ఫోన్ చేసి పీసు చెడ్డదని గట్టిగా చెప్పాను. ఆయన అడ్డం మాట్లాడకుండా ఇంకోటి పంపాడు. అదే ఇంజన్లో, అట్లాగే పెట్టాను. అదీ కాలింది. అప్పటికి నా మాట నేనే నమ్మేశాను. రెండోసారి ఇంకా గట్టిగా మాట్లాడాను.

మూడు వారాల తర్వాత అల్లూరు వైపు చెరువు నుంచి ఒక మోటారు వచ్చింది. బాడీ కొట్టి, పనిచేసే కుర్రాడు నీళ్లలో పడబోయి బతికాడట. మెగ్గర్ పెట్టాను. ముల్లు సున్నా మీద పడింది. ఆ ముల్లును చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. షట్టరు దించి ఇంటికొచ్చి, ఇంజను పైచిప్ప తీసి, మీటరు ఒక మొన బ్రష్షుకు, ఇంకోటి ఎడమ చక్రానికి పెట్టాను. బీప్ మంది. రెండు డీకోడర్లు ఖరీదు చేసిన ఆ శబ్దం మొదటి రోజే వినాల్సింది.

ఆ సాయంత్రం పెదనాన్న దగ్గర కూచుని మొత్తం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అమ్మినాయనకు చెప్పావా?" అన్నాడు. చెప్పలేదన్నాను. "ఇంజను దిగేటప్పుడు రిపేరు బుక్కులో ఉన్నది ఉన్నట్టు రాయాలిరా. నువ్వు తప్పు రాస్తే షెడ్డులో బాగున్నది విప్పుతారు, బాగాలేనిది వదిలేస్తారు. నీ తర్వాత ఎక్కేవాడు ఘాటులో ఆగిపోతాడు." అంత పొడుగు మాట ఆయన మాట్లాడి చాలా రోజులైంది. రెండుసార్లు ఆగి, చెంగుతో మూతి తుడుచుకుని పూర్తిచేశాడు.

ఫోన్ చేశాను. నా మాట మీద ఆయన మిగతా సరుకంతా అమ్మకం ఆపి, ఒక్కొక్కటీ విడిగా టెస్టు చేస్తున్నాడట. అది విన్నప్పుడు నాకు కలిగినంత సిగ్గు డీకోడర్లు కాలినప్పుడు కలగలేదు. రెండింటి డబ్బూ పంపాను. తీసుకోనన్నాడు, ఒప్పించాను.

బాగుచెయ్యడానికి గంట కూడా పట్టలేదు. బ్రష్షు కింద మా షాపులో రోజూ వాడే లెదరాయిడ్ పేపరు ముక్క, స్ప్రింగుకు స్లీవు. అంతే. ఈసారి మీటరు మూగగా ఉంది. కొత్త డీకోడరు తగిలించి, ప్రోగ్రామింగు పట్టా మీద పెట్టి నంబరు ఇచ్చాను. కొత్త డీకోడర్లన్నీ 3వ నంబరుతో వస్తాయి. పెదనాన్న తన పాత ఇంజను నంబరులో చివరి నాలుగంకెలు చెప్పాడు, అవే పెట్టాను. మొదటిసారి కదిలించి చూసి "ఇది స్కూటరా? వెనక బరువు లేదా?" అన్నాడు. డీకోడరులో సీవీ 3, సీవీ 4 అనే సెట్టింగులు పెంచితే బండి మెల్లగా ఎత్తుకుంటుంది, మెల్లగా ఆగుతుంది. పెంచుతూ పోయాను. ఆయన తల ఊపేదాకా పెంచాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం, ఉప్పుగాలికి పట్టాల మీద పట్టిన మసి నేను స్పిరిటు గుడ్డతో తుడిచాక, ఫోను ఆయన కుడిచేతిలో పెడతాను. ఫోన్లో వేగం 126 మెట్లు. ఆయన మాత్రం ఎనిమిది చోట్లే ఆపుతాడు. తన ఇంజన్ని లూపులోకి తెచ్చి నిలబెడతాడు. నా ఇంజను మెయిన్లో దాటిపోతుంది. లైను ఖాళీ అయినా ఆయన బొటనవేలు కదలదు.

"పోనియ్యి పెదనాన్నా" అన్నాను మొదటిరోజు.

"స్టార్టరు పడలేదు కదరా" అన్నాడు.

మా లైనుకు సిగ్నళ్లు లేవు. వాటి పని ఇంకా మొదలుపెట్టలేదు. అందాకా నేనే చెయ్యెత్తి పక్కకు చాపి, కిందికి దించుతున్నాను.