ల్యాబు చీటీలో ఆయుర్దాయం

2021 మే నెలలో కడియం నర్సరీల్లో "మొక్క ఎంత, కిరాయి ఎంత" అన్న మాట వినపడలేదు. "సీఆర్పీ ఎంత, డీ-డైమర్ ఎంత" అన్న కొవిడ్ రక్తపరీక్షల మాటే. అంటుకత్తి తప్ప పెన్ను పట్టని మా బాబాయి రాజమండ్రిలో ఓ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసేవాడు: "ఏరా, అన్నయ్యకి ఫెర్టిలైజర్ తొమ్మిదొందలు దాటేసిందంటరా!" ఫెరిటిన్ అని చెప్పినా ఆయన నోటికి అలాగే వచ్చేది.

పెదనాన్న కొవిడ్‌తో ఐసీయూలో. పొద్దున్నే సిరంజి, మధ్యాహ్నానికి చీటీ, సాయంత్రానికి బిల్లు. అన్నిట్లోకీ ఖరీదైనది ఐఎల్-6 పరీక్ష. రేటు ఎక్కువ కాబట్టి అందులో నిజం కూడా ఎక్కువుంటుందని మా ఇంటిల్లిపాదీ నమ్మకం.

ఆ అంకెలు అబద్ధాలాడవు. వందమందిని వరసలో నిలబెడితే ప్రమాదం ఎటువైపు మొగ్గుతుందో చెబుతాయి. మంచం మీద మాత్రం పెదనాన్న ఒక్కడే ఉన్నాడు.

పెదనాన్నకి వచ్చిన, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడనివ్వని ఈ జబ్బును 1967లో అమెరికా డాక్టర్లు పన్నెండు మంది రోగుల్లో చూసి ప్రపంచానికి చెప్పారు. 2014లో కాల్ఫీ అనే డాక్టరు బృందం రక్తంలోని ఐఎల్-6, ఐఎల్-8 లాంటివాటిని మిగతా లక్షణాలతో కలిపి చూసి, ఈ రోగుల్లో రెండు రకాలున్నాయనీ, ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎక్కువున్న రకంలో చావులు ఎక్కువనీ తేల్చింది. వెంటిలేటర్ ప్రెజర్ పెంచితే రెండు రకాలకూ ఫలితం ఒకేలా లేదట. అక్కడ వాళ్ళు అంకెను పట్టుకుని, వైద్యం ఎవరికెలా మార్చాలా అని వెతుకుతున్నారు. మా చీటీలో అంకె మారినప్పుడల్లా మారింది బిల్లొక్కటే.

గీరి చూడ్డం మాకూ తెలుసు. వాడిన మొక్క బెరడు మీద గోటితో గీరితే లోపల పచ్చగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఒక్కసారి గీరి నీళ్ళు పెట్టడానికి వెళ్తాం. రోజూ గీరేవాణ్ణి బాబాయి పన్లోంచి తీసేస్తాడు.

ఈ జబ్బు తీవ్రమై వెంటిలేటర్ మీదున్న రోగిని రోజుకి కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే 28 రోజుల్లో చావులు నూటికి 33 నుంచి 16కి పడ్డాయని 2013లో ఫ్రెంచి డాక్టర్లు చూపించారు. దానికి నలుగురు ఒడుపైన మనుషులు కావాలి, ల్యాబు కిట్టు అక్కర్లేదు. కిట్టు లేనిదానికి రేటుకార్డులో చోటేదండీ? కొవిడ్‌లో వెంటిలేటర్ మీదున్నవాళ్ళ చావుల్ని మూడోవంతు తగ్గించిన డెక్సామెథసోన్‌కీ అదే గతి. రోజుకి 6 మిల్లీగ్రాములు, చిల్లర డబ్బుల మందు. దాని పేరు ఇంట్లో ఎవరూ బట్టీపట్టలేదు.

మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై, ఆక్సిజన్ ప్రెజర్ పడిపోయి 11 మంది పోయారు. ఆ రాత్రి ఎవరి డీ-డైమర్ ఎంతుందని అడగాలి?

ఆ రోజుల్లోనే హైదరాబాద్ నుంచి మాకు ఫోన్లు: "రాత్రిళ్ళు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలున్నాయా?" స్నేక్ ప్లాంట్లు పంపాం, దాచేదేముంది. నిమిషానికి 60 లీటర్ల దాకా లాగే రోగికి ఓ కుండీ ఎంతిస్తుందని వాళ్ళడగలేదు, మేం చెప్పలేదు.

పెదనాన్న బతికి ఇంటికొచ్చాడు. డిశ్చార్జి రోజు కూడా రక్తం తీశారు. మర్నాడు గులాబీ మడుల పక్కన నులకమంచం మీద పెరుగన్నం తింటుంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది: ఐఎల్-6 చాలా ఎక్కువ, వెంటనే సంప్రదించండి. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, తలెత్తి చూశాడు.

"ఏం చేద్దాం అన్నయ్యా, తినడం ఆపేస్తావా?"

"ఆవకాయ ఎయ్యరా" అన్నాడు పెదనాన్న.