తీర్థం వద్దు, శానిటైజర్ ముద్దు

కరోనా కాలంలో, 2020 జూన్‌లో గుళ్లు తెరుచుకోవచ్చన్న కేంద్రం తీర్థప్రసాదాలు మాత్రం పంచొద్దంది. రాఘవేంద్రస్వామి దర్శనానికి మంత్రాలయం వచ్చిన భక్తుడు ఏం చేస్తాడు? తీర్థానికి పట్టే చేతినే శానిటైజర్‌కు పట్టాడు. లాడ్జి మెట్ల మీద, హోటల్ గల్లాపెట్టె దగ్గర, చెప్పుల స్టాండులో అదే తంతు. అలవాటు కొద్దీ కళ్లకద్దుకోబోయి ‘రాఘవేంద్రా’ అని కేక పెట్టినోళ్లూ ఉంటారు.

సరుకు నాణ్యతకు కొలతలు అంగట్లోనే పుట్టాయి. నీలంగా ఉంటే కంపెనీది, పచ్చగా ఉంటే ఆయుర్వేదం, మల్లెల వాసనొస్తే ఖరీదైంది. “ఏందన్నా, ఇంత జిగటగా ఉంది?” “అలోవెరా సామీ!” “చల్లగా కూడా లేదే?” “మన ఎండలకు యాడ సల్లగుంటాది సామీ!” అసలైనదైతే అరనిమిషంలో చేతిమీదే ఆరిపోవాలి. ఇది పంచెకు తుడుచుకుంటే తప్ప వదలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో ఇథనాల్ 80 శాతం. అది ఖరీదు. దాని తమ్ముడిలా కనిపించే మిథనాల్ చవక. ఒంట్లోకి పోతే ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, తర్వాత మనిషిని తీసుకుపోతుంది. ముంబైలో ఒక వినియోగదారుల సంఘం ఆ ఏడాది 122 సీసాలు పరీక్షిస్తే 45 కల్తీవని తేలాయి, ఐదింటిలో మిథనాల్ ఉంది.

మన దగ్గర పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి, మద్యానికి. మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే కర్ణాటక. మే నెలలో మన ఆంధ్రా సర్కారు మద్యం ధర రెండు రోజుల్లో 75 శాతం పెంచాక, అక్కడి టెట్రా ప్యాకెట్ల కోసం చెక్‌పోస్టులో కూరగాయల గంపలూ, బైకు డిక్కీలూ తడిమి చూశారు. శానిటైజర్ డబ్బాకు మాత్రం రాచబాట. అమ్మడానికి లైసెన్సు కూడా అక్కర్లేదని జూలై 27న కేంద్రం ఉత్తర్వు. ఇంకో నాలుగు రోజులకు ప్రకాశం జిల్లా కురిచేడులో, కంటైన్‌మెంట్‌తో మందు షాపులు మూతపడి, శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. ఆగస్టులో మన కడప జిల్లా పెండ్లిమర్రిలో ముగ్గురు. సీసాలో ఏముందో రాష్ట్రంలో అందరికన్నా ముందు పరీక్షించింది వాళ్లే, పాపం. లేబుల్ మీద ఆల్కహాల్ అని ఉంటే నమ్మారు.

తాగే క్వార్టర్‌కైతే హోలోగ్రామ్ ఉంటుంది. ఖజానాకు రావాల్సింది రాకపోతే ఎలా? చేతికి పూసుకునే సీసాకు నిమ్మకాయ బొమ్మ చాలు.

అలాగని ఢిల్లీవాళ్లు శానిటైజర్‌ను పట్టించుకోలేదంటే కళ్లు పోతాయి. ఆ జూలై 15నే ఆర్థిక శాఖ తేల్చి చెప్పింది: ఇది సబ్బు, డెట్టాల్ లాంటి క్రిమినాశని, కాబట్టి జీఎస్టీ 18 శాతం. లోపల మిథనాలున్నా అదే రేటు.