సంచిలో సంసారం

ఐరన్‌మ్యాన్ పోటీలో ముందు 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డుకొచ్చి 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి. దిగి 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి. అన్నిటికీ కలిపి గడువు సాధారణంగా 17 గంటలు. ఇవి కాక, పతకం లేనిదీ గడువు లేనిదీ అయిన నాలుగో అంకం ఒకటుంది. అది సంచి సర్దడం.

పోటీకి దిగే ప్రతివాళ్లకీ నిర్వాహకులు నంబరు అంటించిన సంచులు కొన్ని ఇస్తారు. సైకిల్ సామాన్లకొకటి, పరుగు సామాన్లకొకటి, పొద్దున విడిచిన బట్టలకొకటి. పూర్తి దూరం పోటీల్లో వీటికి తోడు మరో రెండు ఉంటాయి. వాటిని స్పెషల్ నీడ్స్ బ్యాగులంటారు. ఒకటి సైకిల్ దారి సగంలో, ఇంకోటి పరుగు దారి సగంలో చేతికందుతాయి. దారిలో దొరకనిదీ, అది లేకపోతే బండి ముందుకు సాగనిదీ ఏదైనా ఉంటే పెట్టుకోండి అన్నది వాటి ఉద్దేశం. చాదర్‌ఘాట్ వీరుడి ఇంట్లో అడుగుపెట్టగానే ఆ సంచి పెళ్లివారి విడిదికి తరలే సామాను మూటైపోతుంది.

చాదర్‌ఘాట్ వీరుడంటే ఫలానా మనిషి కాడు, అదొక జాతి. వయసు నలభై దాటి ఉంటుంది, బీపీ మాత్ర మొదలై ఉంటుంది. హైదరాబాద్‌లో కోఠి నుంచి మలక్‌పేట దాకా ఏ అపార్టుమెంటు తలుపు తట్టినా ఒకడు తగులుతాడు. తెల్లవారుజామున నాలుగింటికే కారెనక సైకిల్ కట్టుకుని, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్‌కి బయల్దేరతాడు. ఈత మాత్రం నెలకింత అని కట్టి స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకుంటాడు. పక్కనే మూసీ ఉండగా డబ్బెందుకు దండగ అనకూడదు. అందులో దిగినవాడికి రెండో అంకం సైకిల్ మీద కాదు, ఉస్మానియా ఆస్పత్రిలో మొదలవుతుంది.

గోవాలో 2019లో మొదలైంది సగం దూరం పోటీ. సగం దూరానికి మామూలుగా ఈ సంచుల వసతి ఉండదు. అందుకే అక్కడ మనవాడు సరుకంతా సైకిల్‌కే కట్టేసి, కిరాణా కొట్టు హోమ్ డెలివరీ కుర్రాడిలా తొక్కాడు. ఈసారి వెళ్తున్నది మలేషియాలోని లంకావికి, పూర్తి దూరానికి. సంచి ఉంది. సంచి ఉన్నాక నింపకుండా ఎలా?

బేగంబజార్‌లో ఖర్జూరం, కోఠి మందుల షాపులో స్ప్రేలూ బిళ్లలూ కొనడంతో మొదలవుతుంది. సర్దే రాత్రి డైనింగ్ టేబుల్ మీద పరిచిన సరుకు చూడాలి. పన్నెండు జెల్ ప్యాకెట్లు. అవి తియ్యగా వెగటు పుడితే నంజుకోవడానికి మాగాయ ముక్కలు, జిప్ కవర్లో. పల్లీపట్టీలు. ఉప్పు క్యాప్సూళ్లు. మేజోళ్లు రెండు జతలు, వానొస్తే ఒకటి, రాకపోతే ఒకటి. నొప్పులకు స్ప్రే, స్ప్రే పనిచేయకపోతే అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టినప్పుడు, దాన్ని ఒకడు 120వ కిలోమీటరు దగ్గర తొడలకు పట్టించి, అదే చేత్తో కళ్లల్లోకి కారే చెమట తుడుచుకుంటాడని ఊహించి ఉండరు.

“ఏవండీ, ఇది పోటీయా, పెట్టుపోతలా?” అని ఇల్లాలు అడుగుతుంది. వీరుడు జవాబివ్వడు. లామినేషన్ చేయించిన కాగితాన్ని సంచిలో జాగ్రత్తగా నిలబెడుతూ ఉంటాడు. అది కూతురి చేత రాయించుకున్న ఉత్తరం. మధ్యదారిలో నీరసం వచ్చినప్పుడు చదువుకుంటే ఊపు వస్తుందని కోచ్ చెప్పాడట. కోచ్‌కి గుర్తురాని సంగతి చత్వారం. సైకిల్ మీద పెట్టుకునేది నల్లద్దాలు, చదివే కళ్లజోడు పొద్దున విడిచిన బట్టల సంచిలో ఉంటుంది. కాబట్టి లంకావి ఎండలో, రోడ్డు వార, నంబరు చొక్కా తొడుక్కున్న మనిషి ఒక అట్టముక్కని చెయ్యి బారుచాపి పట్టుకుని, ముందుకీ వెనక్కీ జరుపుతూ, “నాన్నా” అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోతాడు. ఈలోగా పక్కనుంచి అరడజను మంది దాటిపోతారు.

ముందురాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా సంగతి మరీ చిత్రం. సంచిని తెల్లారకముందే అప్పగించేయాలి. ఈతకి గంటన్నర, 90 కిలోమీటర్ల సైకిల్‌కి మూడున్నర, నాలుగు గంటలు. మొదలయ్యే ముందు నిరీక్షణ కూడా కలిపితే సీసా చేతికొచ్చేసరికి ఆరేడు గంటలవుతుంది. అప్పటికి ఆ నీళ్లు తలంటుకి పనికొస్తాయి, తాగడానికి పనికిరావు. సంచిలో మిగిలిపోయినవి చాలా పోటీల్లో తిరిగివ్వరు, చెత్తలో పోస్తారు. మాగాయకు అంత్యక్రియలు విదేశంలో.

ఇంత సరుకు దేనికీ అంటే సంచి భక్తుల దగ్గర ఒక పురాణం సిద్ధంగా ఉంది. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు దీవిలో మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ జరిగింది. పదిహేను మంది బయల్దేరితే పన్నెండు మంది పూర్తిచేశారు. పరుగులో ముందున్న జాన్ డన్‌బార్ దగ్గర నీళ్లు అయిపోయాయి. వెంట ఉన్న సహాయకులు చేసేదిలేక బీరు పోశారు. ఆయన తూలుతూ రెండో స్థానంలో వచ్చాడు, గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. “చూశారా, సరంజామా లేకపోతే ఏమవుతుందో!” అంటారు భక్తులు. కానీ ఆనాడు దారిలో నిర్వాహకుల నీళ్ల స్టాళ్లు లేవు, ఎవరి సాయం వాళ్లు తెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు బయటివాళ్ల సాయం నిషేధం. బదులుగా సైకిల్ దారిలో ఇరవై పాతిక కిలోమీటర్లకోసారి నీళ్లు, ఎలక్ట్రోలైట్, జెల్, అరటిపండు అందిస్తారు. పరుగులో అయితే రెండు కిలోమీటర్లకోసారి, కోలాతో సహా. డన్‌బార్‌కి లేనివన్నీ చేతికందిస్తుంటే, వాటి పక్కనుంచే వెళ్తూ మనవాడు తన మూట కోసం వెతుక్కుంటాడు.

పోనీ మూటలో ఉన్నదంతా తింటాడా? తినలేడు. పేగులు గంటకి సుమారు 60 గ్రాముల గ్లూకోజును పీల్చుకోగలవు. ఫ్రక్టోజు కూడా కలిస్తే 90 దాకా సాగుతుంది. ఒక్కో జెల్‌లో పాతిక గ్రాముల చొప్పున పన్నెండిట్లో 300 గ్రాములు. మిగిలిన నాలుగు గంటల సైకిల్‌కి 240 చాలు, పైగా జేబుల్లో ఉన్న సరుకు లెక్కలోకి రానేలేదు. ఎక్కువైనది కడుపులోనే కూర్చుని, పరుగు మొదలయ్యాక బయటికి దారి వెతుక్కుంటుంది. ఆ దారుల వివరం ఇక్కడ అనవసరం.

ఉప్పు మీద భక్తి ఇంకా గాఢం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం తగ్గి కనిపించింది. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ముఖ్య కారణం అతిగా తాగడం. తాగింది నీళ్లా, స్పోర్ట్స్ డ్రింకా అన్నదాంతో తేడా రాలేదు. అంటే లోటు ఉప్పు సంచిలో కాదు, అదుపులో. ఆ సంగతి చెప్తే వీరుడు ఓఆర్ఎస్ అని రాసున్న రంగురంగుల డబ్బాలు మరో రెండు తెచ్చి పెడతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఆ పేరు తగిలించుకుని అమ్ముడుపోయిన తీపి పానీయాల మీద ఏళ్ల తరబడి పోరాడింది హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఊళ్లో డాక్టరమ్మ గెలిచింది, మనవాడి అల్మారాలో పాత స్టాకు ఇంకా ఉంది.

అవసరానికి సంచి సర్దడం నేర్చుకోవడానికి మనవాడు కోచ్‌కి డబ్బు కట్టనక్కర్లేదు, చాదర్‌ఘాట్ వంతెన దాకా నడిస్తే చాలు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి ఇమ్లీబన్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. చాదర్‌ఘాట్ పక్కన మూసానగర్, శంకర్‌నగర్ వాళ్లు ఇళ్లు ఖాళీ చేశారు. వాళ్లకిది కొత్త కాదు, 2020 అక్టోబరులోనూ ఇదే కథ. అలాంటి రాత్రి మనిషి చేతికి ముందు తగిలేవి రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, ముసలాళ్ల మాత్రలు. మాగాయ జాడీ అటక మీదే ఉండిపోతుంది.

సంచి అసలే వద్దనడం లేదు. షుగరు మనిషికి గ్లూకోజు బిళ్లలు, సైకిల్‌కి మారు ట్యూబు ఉండాల్సిందే. దారిలో ఇచ్చే జెల్ కడుపుకు పడనివాళ్లకు సాధనలో వాడి చూసిన తిండి కావాలి. ఇవన్నీ కలిపినా దోసెడు దాటవు. చిక్కల్లా వీరుడు పెట్టినవాటిలో సాధనలో ఒక్కసారైనా వాడి చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టాల్సి రావడం. పోటీ రోజున కొత్తది ముట్టుకోవద్దన్నది ఆ ఆటలో పసిపిల్లలకి కూడా తెలిసిన నియమం. వీరుడు దాన్ని స్టేటస్‌లో పెట్టుకుని మరీ ఉల్లంఘిస్తాడు.

నిర్వాహకులకు ఒక సూచన. సంచి అప్పగించే చోట తూకం పెట్టండి. ప్రతి వంద గ్రాములకీ ముగింపు సమయంలో ఒక నిమిషం కలపండి. ఒక్క సీజన్‌లో మేజోళ్లు జతకొస్తాయి, ఉత్తరాలు వాట్సాప్‌కెళ్తాయి, అమృతాంజనం తలనొప్పికి తిరిగొస్తుంది. మరుసటి సీజన్‌కల్లా ఖాళీగా ఉన్నప్పుడు నలభై గ్రాములే తూగే కార్బన్ ఫైబర్ సంచి పదిహేను వేలకి మార్కెట్లోకి వస్తుంది, మొదటి ఆర్డరు చాదర్‌ఘాట్ నుంచే వెళ్తుంది.